ఈ కలములో మనది ఎంత? – ఎబొనైటు నుండి పోత రెసిన్ దాక

విజయవాడనుండి వచ్చు రాజమార్గము హైదరాబాదు నగరమున ప్రవేశించుచు తాకు పెద్ద కూడలి, లాల్ బహదూర్ శాస్త్రి పేరిట వెలసిన ఎల్.బి. నగరు. అచటినుండి కొత్తపేట, చైతన్యపురి దాటి పడమరకు సాగినచో దిల్‌సుఖ్‌నగరు. ఒకప్పుడు దిల్‌సుఖ్ రాం పర్షాద్ అను భూస్వామి పొలములై యుండి, పిమ్మట ఇండ్లస్థలములుగా విభజింపబడి, ఆయన పేరునే నిలుపుకొన్న యీ పేట, నేడు పోటీపరీక్షలకు చదువు యువజనులకును, వారి వసతిగృహములకును, శిక్షణాలయములకును రాష్ట్రమంతట పేరుకెక్కినది. గోదావరి, కృష్ణా తీరములలో రాత్రి బస్సెక్కినవారిలో పెక్కురు తెల్లవారుజామున దిగునది ఈ రెండు పేటలలోనే గనుక, కోస్తా తెలుగువారి వస్తువులును అలవాట్లును ఈ త్రోవనే నగరమునకు చేరినవి. వానిలో మిక్కిలి చిన్నది, చొక్కా జేబులో ఇమిడి వచ్చినది, ఇంకు పెన్ను. రాజమండ్రి కలమును జేబునకు తగిలించుకొన్న గుమాస్తాను, ఉపాధ్యాయుని, ప్లీడరును ఈ పేటలలోని పెద్దవారు ఇప్పటికిని జ్ఞప్తికి తెచ్చుకొందురు.

ఇటీవల ఆ కలముల వంశమున ఒక క్రొత్త సంతతి కనబడుచున్నది. చేతిపనిమీద మక్కువగలవారు రెసిన్ ద్రవమును కొనితెచ్చి, తమకు నచ్చిన రంగులను తామే కలిపి, అచ్చులో పోసి, గట్టిపడిన కడ్డీని లేతు మిషనుమీద చెక్కి కలములు చేయుచున్నారు. ఒక కడ్డీలోని రంగుల సుడి మరియొక కడ్డీలో రాదు గనుక, అట్లు చేసిన ప్రతి కలమును లోకమున ఒక్కటియే. దీనిని ధనికుల వేడుకగా తీసివేయువారు కలరు. వారితో నేనేకీభవింపను. తొంబది సంవత్సరముల క్రిందట రాజమహేంద్రవరమున ఒక పనివానికి ఎదురైన ప్రశ్న యొకటి కలదు: ఈ కలములో మనది ఎంత? తెలుగుదేశమున కలముల చరిత్రయంతయు ఆ ప్రశ్న వెంట నడచినదే. పోత రెసిన్ కలము దానికి దొరికిన సమాధానములలో కడపటిది.

ఇంకు పెన్ను మన దేశమునకు పరాయి వస్తువుగనే వచ్చినది. సిరాను తనలో దాచుకొని, పాళీకి తానే అందించుకొను కలమును నమ్మదగినట్లుగా చేసి 1884లో అమెరికాలో పేటెంటు పొందినవాడు లూయిస్ వాటర్మన్. ఆ తొలినాటి కలముల దేహమంతయు ఎబొనైటు. రబ్బరులో మూడవవంతుకు తగ్గకుండ గంధకమును కలిపి గంటల తరబడి కాచినచో అది మెత్తదనమును విడిచి కొమ్మువలె గట్టిపడును. 1851లో నెల్సన్ గుడ్‌ఇయర్ పేటెంటు పొందిన ఈ పదార్థము సిరాలోని ఆమ్లమునకు చెడదు, ఉలికి లొంగును, చేతికి చల్లగా తగులదు, రుద్దినకొలది మెరయును. ఎండలో పెట్టినచో నలుపు విరిగి గోధుమవన్నెకు తిరుగుటయు, వేడినీరు తగిలినచో గంధకపు వాసన వచ్చుటయు దాని దోషములు. ఆ వాసన ఎరిగినవారు కన్నులు మూసికొనియు ఎబొనైటు కలమును గుర్తింపగలరు.

స్వదేశీ ఉద్యమము దేశమంతట చెలరేగిన కాలమున కాశీలో రాధికానాథ్ సాహా వంటివారు దేశీయ కలములకు పూనుకొనిరి. తెలుగునాట ఆ పనిని తలకెత్తుకొన్నవాడు రాజమహేంద్రవరవాసి కోసూరి వెంకటరత్నము. ఆయన స్వర్ణకార విద్యలో, అచ్చులు చెక్కుటలో ఆరితేరినవాడు. 1921లో గాంధీమహాత్ముని దర్శించి తన పనితనమును చూపగా, సామాన్యునకు పనికివచ్చు వస్తువేదైన చేయుమని మహాత్ముడు హితవు చెప్పెననియు, ఆ మాటయే ఆయనను కలమువైపు మరల్చెననియు ఆ కుటుంబమువారు చెప్పుదురు. 1930ల ప్రారంభమున రత్నము కలములు వెలువడెను. అయితే స్వదేశీ కలమని సమర్పించిన దానిని గాంధీ వెంటనే స్వీకరింపలేదు. అందలి భాగములలో ఏది దేశీయము, ఏది విదేశీయము అను విచారణ వచ్చెను. విదేశీ భాగములున్న కలము తనకు వలదని ఆయన తిప్పిపంపినట్లు ప్రసిద్ధి.

ఈ తిరస్కారమును నేను చాల గొప్ప సంఘటనగా భావించుచున్నాను. స్తోత్రముకంటె అది ఎక్కువ మేలు చేసెను. స్వయముగా రెల్లుకలమును ఆదరించి, గ్రామములలో కలము, సిరా, కాగితము తయారగుటకై పాటుపడుచున్న మనుష్యుడు ఇంకు పెన్నును మెచ్చుకొనవలెనన్న అది నిష్కల్మషముగా దేశీయమైనదై యుండవలయును. రత్నము మరల తన పనిపీట ముందు కూర్చుండెను. 1934 చివర అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘము స్థాపితమై, దానికి జె.సి. కుమారప్ప కార్యదర్శియయ్యెను. ఆయన ద్వారా అందిన కలమును వాడిచూచి, బజారులలోని విదేశీ కలములకు బదులు నిలువగల మంచి వస్తువని మెచ్చుకొనుచు మహాత్ముడు వార్ధానుండి 1935 జూలై 16వ తేదీన రత్నమునకు జాబు వ్రాసెను. ఆ జాబును ఆ ఇంటివారు నేటికిని ప్రాణపదముగా చూచుకొనుచున్నారు. ఒక చిన్న పట్టణములోని పనివాని చేతివస్తువునకు అంతకుమించిన యోగ్యతాపత్రము వేరొకటి దొరకదు.

ఆ కలము చేయు విధమును కొంత వివరింపవలయును, ఏలయన పోత రెసిన్ కలమును చేయువారును చాలవరకు ఇదే త్రోవను నడచుచున్నారు. ఎబొనైటు కడ్డీని కొలతకు కోసి, లేతున బిగించి, మొదట నడుమ తొలిచెదరు. ఆ తొలుపు సిరా నిలుచు గది. తరువాత మూతకును దేహమునకును మరలు కోయుదురు. ఇది మిక్కిలి మెలకువ గల పని. సంప్రదాయపు రాజమండ్రి కలములలో రబ్బరు సంచి గాని పిచికారి గాని యుండదు. మర విప్పి, చుక్కల గొట్టముతో దేహమునందే సిరా నింపవలయును. కావున మర ఏమాత్రము వదులైనను చొక్కా నీలమగును. మర కుదిరిన తరువాత గరుకు కాగితములతో నీటి తడిపై రుద్ది, గుడ్డచక్రమున మెరుగుపెట్టుదురు. పాళీకి అడుగున అమరు ఫీడును కూడ ఎబొనైటుతోనే చేసి, దానిపై సిరా దిగుటకు ఒక గాడిని, గాలి ఎక్కుటకు తావును చేతి రంపముతో కోయుదురు. అది కోయుటలో వెంట్రుకవాసి తప్పినను కలము వ్రాయకుండుటయో, ఇంకు కక్కుటయో జరుగును.

ఇక పాళీ. బంగారము ఆమ్లమునకు లోబడదు గనుక మేలైన పాళీ బంగారముతో చేయుదురు. మెత్తదనము పోవుటకై 14 క్యారట్ల వన్నెకు తెచ్చి, రేకును సాగగొట్టి, ఆకృతికి కోసి, వంచి, అరిగిపోని గట్టి లోహపు కణమును కొనపై అదికి, దానిని నడుమకు చీల్చి, నూనెరాతిపై సానపట్టుదురు. రత్నమువారి బంగారు పాళీలు ఇట్లు చేతితోనే తయారైనవి. స్వర్ణకారుడు కలమునకు పూనుకొనుటలోని విశేషము ఇక్కడనే కలదు. దేహము చెక్కువాడు దొరకవచ్చును. పాళీ చేయగలవాడు అరుదు. కొనువారి చేతిని చూచి, వారు కుడివైపు వాల్చి వ్రాయుదురో, నొక్కి వ్రాయుదురో కనుగొని, వారియెదుటనే పాళీని సరిదిద్ది, వారి పేరును దేహముపై చెక్కియిచ్చు పద్ధతి అచట చిరకాలము నడచెను. కలము ఒకరికై చేయబడునదను భావము ఆ కొట్టులో ఆచరణగా నుండెను.

రాజమహేంద్రవరమున ఒక్క కొట్టు వెలుగుతో ఆ విద్య ఆగలేదు. 1946లో గైడర్ కలములు అదే పట్టణమున పుట్టినవి. తెనాలిలో బ్రహ్మం, ప్రసాద్ అను పేర్లతో కలములు వెలసి పాఠశాలలకు, కచేరీలకు చేరినవి. హైదరాబాదున అబిడ్సులో 1928లో నెలకొన్న దక్కన్ పెన్ స్టోర్స్ దేశవిదేశముల కలములను అమ్ముటయే గాక, చెడిన వానిని బాగుచేయుటలోను, తమ పేరిట ఎబొనైటు కలములను ఇచ్చుటలోను పేరుపొందినది. రెండవ పంచవర్ష ప్రణాళిక నాటికి విదేశమారక ద్రవ్యమునకు కటకట ఏర్పడి దిగుమతులపై ఆంక్షలు బిగిసినందున, దేశీయ కలములకు మంచి అదను చిక్కినది. పాశ్చాత్యులు ఎబొనైటును ఎన్నడో విడిచిపెట్టగా, మన పనివారు దానిని పట్టుకొని నిలిచి, ఆ విద్యను లోకమునకు దక్కించిరి.

పాశ్చాత్యులు దానిని ఏల విడిచిరన్న, రంగుల కొరకు. ఎబొనైటున నలుపు, ఎరుపు, వాని కలయికతో వచ్చు చారలు తప్ప ఎక్కువ వన్నెలు ఒదుగవు. నార నుండి తీసిన నైట్రోసెల్యులోసును కర్పూరముతో మేళవించిన సెల్యులాయిడు 1920లలో ముత్యపు కాంతిని, పచ్చలను, నీలములను కలముపైకి తెచ్చినది. కాని నిప్పు సోకినచో భగ్గుమనును. పాలవిరుగుడుతో చేసిన కేసీనును కొందరు వాడిరి. అది నీటికి ఉబ్బును. 1941లో వచ్చిన పార్కర్ 51 నుండి అక్రిలిక్ జాతి ప్లాస్టిక్కు కలముల రాజ్యమేలినది. ఈ మార్పులన్నిటను మన పనివాని స్థితి మాత్రము ఒక్కటే: కడ్డీ ఎక్కడనో, ఏ కర్మాగారముననో తయారగును, అతడు దానిని కొని చెక్కును. గైడర్ వారి రంగురంగుల అక్రిలిక్ కలములు చూడ ముచ్చటగా నుండును గాని, ఆ రంగుల నిర్ణయము కడ్డీ పోసినవానిది.

అంతలో బాల్‌పెన్ను వచ్చి అందరి కలములకును గండము తెచ్చెను. మొదట ఉపాధ్యాయులు దస్తూరి చెడునని దానిని నిషేధించిరి. తరువాత వారే దానిని పట్టిరి. బల్లపై ఒలికిన సిరాను సుద్దముక్కతో అద్దుట, పక్కవానికి నాలుగు చుక్కలు అప్పిచ్చుట, పరీక్షకు ముందురాత్రి పాళీని వేడినీట కడుగుట మొదలైనవన్నియు ఒక తరముతో నిలిచిపోయినవి. దిల్‌సుఖ్‌నగరున ఈ మార్పు మరింత స్పష్టముగా కనబడును. ఇంతమంది యువకులు ఉదయమునుండి రాత్రివరకు వ్రాతయే వృత్తిగా గడుపు పేటలు నగరమున అరుదు. కాని యంత్రము దిద్దు జవాబు పత్రమున వలయములు నింపుటకు బాల్‌పెన్నునే వాడవలెనన్న నిబంధన ఉన్నందున, ఆ వ్రాతలో అధికభాగమునకు పాళీ తావు కోల్పోయినది. గ్రూప్-1 వంటి పరీక్షలలో వ్యాసములు వ్రాయవలసిన మెయిన్సు మాత్రమే చేతివ్రాతకు ఇంకను గౌరవము నిలిపియున్నది. గంటల తరబడి నొక్కి వ్రాసి వ్రేళ్లు తిమ్మిరియెక్కిన అభ్యర్థులు, బరువు మోపకయే వ్రాయు ఇంకు పెన్నును ఒక వారము పట్టిచూడవలెనని నేను మనఃపూర్వకముగా కోరుదును.

ఇట్టి స్థితిలో పోత రెసిన్ వచ్చినది. ఈ విద్యలో మొదటిపని లేతుమీద కాదు, తక్కెడ దగ్గర. రెసిన్ రెండు ద్రవములుగా దొరకును. ఒకటి మూలద్రవము, మరియొకటి దానిని గట్టిపరచునది. రెంటిని చెప్పిన పాళ్లలో తూచి కలుపవలయును. పాలు తప్పినచో కడ్డీ ఎన్నటికి గట్టిపడక జిగురుగా నుండిపోవును. ఎపాక్సీ నెమ్మదిగా, ఒకటి రెండు దినములు తీసికొనును. పాలీయురెథేను నిమిషములలో బిగియును గాని గాలిలోని తేమను సహింపక నురుగుపట్టును, కావున మన వానకాలమున దానితో పని కష్టము. పాలియెస్టరు చవకయే గాని ఘాటైన వాసనతో, పెళుసుదనముతో బాధించును. ఏ ద్రవముతో చేసినను గాలి యాడు చోట, చేతితొడుగులతో, ముక్కునకు తగిన కవచముతో పనిచేయవలయును. చెక్కునపుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు హాని. ఇంట పిల్లల నడుమ వంటగదిలో చేయదగిన పని ఇది ఎంతమాత్రము కాదు.

కలిపిన ద్రవమును పాత్రలుగా పంచి, ఒక్కొక్క పాత్రలో ఒక్కొక్క వర్ణచూర్ణమును వేయుదురు. ముత్యపు మెరుగునిచ్చు చూర్ణము అభ్రకమే. నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతపు గనులు నూరేండ్లకు పైగా లోకమునకు అందించిన ఖనిజమదియే యని తెలిసినచో, ఆ మెరుపులో మన నేలకును బంధుత్వము కలదని తోచును. తరువాత పోత. రంగులను అన్నిటిని ఒక్కసారి పోయుటకును, ఒకదానిపై ఒకటి పోయుటకును, పోసిన పిదప పుల్లతో ఒక్క త్రిప్పు త్రిప్పుటకును ఫలితము వేరు. ద్రవము మరీ పలుచగా నున్నప్పుడు పోసినచో వన్నెలు కరగి ఒకే మురికిరంగగును. మరీ చిక్కబడిన పిదప పోసినచో నడుమ గాలిబుడగలు చిక్కుకొనును. ఈ రెండింటి నడుమనున్న కొద్ది నిమిషములను కనిపెట్టుటయే పోతగాని నేర్పు. అది తూనికకు అందదు; కన్నును చేయియు నేర్చుకొనవలసినది.

సిలికాను అచ్చులో పోసిన వెంటనే దానిని ఇనుప పీపాలో పెట్టి, చదరపు అంగుళమునకు 40 నుండి 60 పౌనుల దాక గాలిని ఒత్తించి, ద్రవము గట్టిపడు వరకు అట్లే ఉంచుదురు. బుడగలు పూర్తిగా పోకున్నను, ఒత్తిడికి కంటికి కానరానంతగా కుంచించుకొనును. ఆ తరువాత కడ్డీ లేతుకెక్కును. అక్కడినుండి తొలుపు, మర, గరుకు కాగితము, మెరుగు, సరిగా రాజమండ్రిలో ఎబొనైటునకు జరిగినవే జరుగును. రెసిన్ వేడికి మెత్తబడును గనుక ఉలిని పదునుగా ఉంచి, చిన్న చిన్న పొరలుగా తీయవలయును. బలవంతము చేసినచో పెచ్చులూడి, రెండు దినముల పోత ఒక్క క్షణమున వ్యర్థమగును.

రంగును, తరిమెనను (లేతును) కలిపిన విద్య తెలుగువారికి క్రొత్త కాదు. ఏటికొప్పాక బొమ్మల పనివారు అంకుడు కర్రను తరిమెనపై త్రిప్పుచు, లక్కబిళ్లను దానికి తాకించి, ఆ రాపిడి వేడికే లక్క కరగి కర్రపై పూతగా పట్టునట్లు చేయుదురు. చెట్ల వేళ్లు, బెరడు, గింజలనుండి తీసిన రంగులతో వారు చేయు బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అక్కడ రంగు పైపూత. పోత రెసిన్‌లో రంగు దేహపు లోతుదాక పోవును, ఉలి ఎంత లోపలికి దిగిన అంత క్రొత్త వన్నె బయటపడును. ఏటికొప్పాక చేయియు, రాజమండ్రి చేయియు ఒక పీటపై కలిసినచో ఎట్టి కలములు పుట్టునో యని తలచుకొన్నప్పుడెల్ల నాకు ఉత్సాహము కలుగుచుండును.

ఇక మన ప్రశ్నకు వత్తము. రత్నము కాలమునుండి పనివాడు చెక్కుటకు మాత్రమే యజమాని, కడ్డీకి పరాధీనుడు. రెసిన్ పోయువాడు తన కడ్డీని తానే పుట్టించుకొనుచున్నాడు. రెసిన్ ద్రవము రసాయనశాలనుండి వచ్చునది నిజమే. అయినను ఏ రంగు, ఏ సుడి, ఎంత మందము అను నిర్ణయమంతయు అతని చేతికి వచ్చినది. కలము దేహము విషయమున ఇది స్వాతంత్ర్యమే. పాళీ విషయమున మాత్రము మనము వెనుకకు నడచితిమి. నేడు దేశమున వేల రూపాయల వెలగల చేతికలములలో పెక్కింటికి పాళీలు జర్మనీలోని యోవో, బాక్, ష్మిట్ కర్మాగారములనుండి వచ్చుచున్నవి. ఢిల్లీ ప్రాంతపు కాన్‌రైట్ వారు దేశమున ఉక్కు పాళీలను చేయుచుండుట మెచ్చదగినదే గాని, రేకునుండి పాళీని చేతితో సాధించు స్వర్ణకారవిద్య నానాటికి సన్నగిల్లుచున్నది. 1935లో రాజమహేంద్రవరము నెగ్గిన పరీక్షకు నేటి మన అందమైన కలములు నిలిచినచో, దేహమున నెగ్గి పాళీలో తప్పును. ఇది నా నిశ్చితాభిప్రాయము.

కావున ఎల్.బి. నగరు, దిల్‌సుఖ్‌నగరు ప్రాంతములలో రెసిన్ పని నేర్చుచున్న యువకులకును, హయత్‌నగరు త్రోవన ఆటోనగరు లేతు కొట్లలో మరలు కోయు నిపుణులకును నా విన్నపమిది. పోత మీకు పుస్తకములలో, చిత్రములలో దొరకును. పాళీ అట్లు దొరకదు. రాజమండ్రిలోను తెనాలిలోను ఆ విద్య ఎరిగిన పెద్దలు ఉన్నప్పుడే వెళ్లి, వారి పీట ప్రక్కన కొన్ని నెలలు కూర్చుండి, రేకు సాగగొట్టుట, కొన అదుకుట, చీల్చుట, సానపట్టుట నేర్చుకొనుడు. ఇంటిలో తాతగారి నాటి రాజమండ్రి కలము మూలబడి యున్నవారు దానిని చల్లనీట నానబెట్టి, ఎండిన సిరాను వదలించి, బాగుచేయువారికి చూపుడు. వేడినీరు మాత్రము పోయవలదు, ఎబొనైటు వన్నె చెడును.